ఒక్క పోగు సుసన్నక్క

సుసన్నక్క ఎవరింటికి పోయినా కూర్చునేది కాదు. చాయ్ పోస్తామన్నా వద్దనేది. గుమ్మంలో చెప్పులు విడిచీ విడవకముందే చెయ్యి చాపి, "తాళంచెయి ఇయ్యి" అనేది. ఏ తాళంచెవి అని ఎదురు అడిగారంటే వాళ్ళు గోదావరిఖనికి ఆ వారమే కొత్తగా వచ్చినవాళ్ళన్నమాట. బీరువా ఉన్న ఇంట్లో బీరువాది, లేని ఇంట్లో సందుగ పెట్టెది. అది ఆమె చేతిలో పడ్డం ఆలస్యం, ఆ ఇంటి బట్టలన్నీ మంచం మీదికి వచ్చేవి.

ఆ తర్వాత అసలు పని మొదలు. ఒక్కొక్క బట్ట అంచు వెతికి, "ఒక్క పోగే" అని బతిమాలినట్టు చెప్పి, ఒక దారం లాగి, రెండు వేళ్ళతో పట్టుకుని అగ్గిపుల్ల గీసేది. దారం గబుక్కున మండి, కాగితం కాలిన వాసనేసి, బూడిదై రాలిపోతే అది నూలు. మండకుండా ముడుచుకుపోయి, నల్లటి పూసలా గడ్డకట్టి, ముక్కు మూసుకునే కంపు కొడితే అది నైలానో టెర్లినో. పరీక్ష పూర్తయ్యేసరికి మంచం మీద మూడు కుప్పలు. ఒంటికి, కంటికి, మంటకి. ఒంటికి అంటే నూలు బట్టలు. కంటికి అంటే పెండ్లినాటి పట్టుచీరలాంటివి, ఏడాదికోసారి చూసి మురిసి మళ్ళీ మడత పెట్టేవి. మంటకి అంటే తక్కినవన్నీ. పేరుకే మంట, తగలబెట్టేదేం లేదు. "కిటికీలకు కట్టుండ్రి, బొగ్గు దుమ్మన్న ఆగుతది" అని చెప్పి లేచిపోయేది. కాలనీలో ఎవరి చొక్కా అంచు చూసినా ఒక పోగు తక్కువే ఉండేది.

సుసన్నక్క దవాఖానలో కాన్పుల వార్డు ఆయా. భర్త సామ్యేల్‌ది బొగ్గు బాయి మీద ల్యాంపు రూములో పని. దిగేవాళ్ళకు దీపాలిస్తాడు, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకుంటాడు, ఇంటికొచ్చాక పెళ్ళాం చెప్పినదానికల్లా ఊ కొడతాడు. ఆమె ఎప్పుడూ కట్టేది నీలం అంచు తెల్ల నేతచీర. దానికి ఎంత గంజి పెట్టేదంటే, ఆమె నడిచి వస్తుంటే తాటాకు పందిరి ఒకటి లేచి నడిచొస్తున్నట్టు గలగలమనేది. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు తాళంచెవులు బియ్యం డబ్బాల్లో దాచేవాళ్ళు.

కాలనీలో బొగ్గు నింపే పని చేసే ఎల్లేశం మొదట్లో ఇవన్నీ చూసి పగలబడి నవ్వినవాడే. పక్కవాడి బీరువా తెరుచుకుంటే నవ్వు కాక ఏమొస్తుంది.

ఆమె కతలు చెప్పి నవ్వించడం అతనికి ఒక పని కూడా. సామ్యేల్ సద్ది మరిచిపోతే సుసన్నక్క బాయి మీదికి పట్టుకెళ్ళిన కత అతను ఎన్నిసార్లు చెప్పాడో. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోవద్దు. లోపల ఊరే వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని దిగబోయే ప్రతి మనిషినీ నిలబెట్టి జేబులూ నడుమూ తడిమి చూస్తారు. సరిగ్గా ఆ తడిమే చోటికి పోయి నిలబడింది సుసన్నక్క. వరసలో, లోపల పనులు చూసే కొత్త ఓవర్మేను ఒకడు కనిపించాడు, మెరిసే చొక్కాతో.

"బిడ్డా, లోపటికి గిదేసుకొని దిగుతున్నవా? ఒక్క పోగియ్యి."

అతను తేరుకునేలోగా పోగు లాగడమూ అయింది, జాకెట్లోంచి అగ్గిపెట్టె తీయడమూ అయింది. తడిమే జవాను గుండె చేత్తో పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "అక్కా, నీ కాల్మొక్త, గది లోపట పెట్టు. నా నౌకరి పోతది" అన్నాడు. ఆ రోజునుంచీ ఆమె బాయి మీదికి వస్తే అగ్గిపెట్టె గేటు బయటే జవానుకు అప్పగించి, లాగిన పోగులు కొంగున ముడేసుకుని ఇంటికి తీసుకుపోయి కాల్చేది. మర్నాడు ఎదురుపడి, "నిన్నటి నీ పోగు పూసగట్టింది బిడ్డా" అని ఫలితం చెప్పేది, పరీక్షలు రాసిన పిల్లలకు చెప్పినట్టు.

ఇంకోసారి యూనియన్ నాయకుడు లింగమూర్తి చేనేత వారోత్సవానికి మైకు ముందు నిలబడి, నేతన్న కన్నీళ్ళ గురించి చెబుతూ తన కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడు. ఒంటిమీద తెల్లటి ఖద్దరు జుబ్బా. దండ వేసే వంకతో సుసన్నక్క స్టేజీ ఎక్కింది. దండ వేసింది, దండం పెట్టింది, పోగు లాగింది. మైకు ముందే గీసింది. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా నేతన్న కోసం ఏడ్చిన జుబ్బా నల్లటి పూసగట్టింది. లింగమూర్తి గొంతు సవరించుకుని, "కామ్రేడ్స్, మిగతాది వచ్చేయేడు మాట్లాడుకుందాం" అన్నాడు. పైన పటారం లోన లొటారం అనే సామెతకు ఎప్పుడైనా బొమ్మ వేయాల్సి వస్తే ఆ జుబ్బానే వేయాలని ఎల్లేశం అంటుండేవాడు.

అన్నాడే గానీ, ఆ రోజుల్లో లొటారం లేనిదెవరికి. అవి టెర్లిన్ రోజులు. బాయిలో నౌకరి దొరికిందని నోటితో చెప్పనక్కర్లేదు, టెర్లిన్ చొక్కా చెప్పేది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. రామగుండం దిక్కు రోళ్ళు మృగశిర దాకా అతుక్కోవు. అలాంటి ఎండలో మెడ బొత్తాం దాకా బిగించుకుని మగవాళ్ళంతా బజారుకు వచ్చేవాళ్ళు. చెమట లోపలే పుట్టి, లోపలే పెరిగి, లోపలే ఆరేది. వీపంతా చెమటకాయలు. గోక్కోవడానికి చాటు కావాలి గనక సినిమా హాలు నిండేది. ఆడవాళ్ళ నైలాన్ చీరలు విప్పేటప్పుడు చిటపటమని చప్పుడయ్యేది. అదేదో కరెంటు తమ ఇంట్లోనే తయారవుతున్నట్టు దానికీ ఒక గొప్ప.

"ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికి దులిపితె ఆరిపోతది, ఎన్నేండ్లయిన చిరుగది" అని ఎల్లేశం టెర్లిన్‌ను పొగిడితే సుసన్నక్క తాపీగా, "చిరగని బట్ట, కదలని చుట్టం ఒక్కతీరే తమ్మీ. సుఖమియ్యయ్, ఇల్లిడువయ్" అనేది.

ఎల్లేశానిది కమాన్‌పూర్ పక్క పల్లె. చిన్నప్పుడు ఇంట్లో మనిషికి రెండే జతలు, ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. ఆ కరువంతా తీర్చుకోవాలని, బోనసు రాగానే కంపెనీ ఇళ్ళ లైనులో అందరికంటే ముందు నిలువుటద్దం బీరువా కొన్నాడు. బసంత్‌నగర్ సిమెంటు లారీలో వేయించుకొస్తే అది తెల్లగా దిగింది, సాయంత్రానికి బొగ్గు దుమ్ముకు నల్లబడింది. అయినా ఇజ్జత్ ఇజ్జతే. బీరువా ఖాళీగా ఉంటే నామోషీ గనక జీతం జీతానికీ ఒక టెర్లిన్ చొక్కానో, భార్య అనసూర్యకు ఒక నైలాన్ చీరో తెచ్చి నింపాడు. నిండేసరికి తల్లి లస్మవ్వ సందుగకు ఇంట్లో జాగా చాలలేదు.

ఆ సందుగలో ఉన్నవి లస్మవ్వ పాత నేతచీరలు. కట్టి కట్టి, ఉతికి ఉతికి, దూది కన్నా మెత్తబడ్డవి. సరిగ్గా అప్పుడే సారక్క గంప దించింది. సారక్క పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే మనిషి. టెర్లిన్ చిరగదు గనక ఎవరూ దాన్ని పాతదని ఒప్పుకోరు. ఇంటింటా ఆమె గంపలో పడేవి ముసలోళ్ళ నూలు చీరలూ పంచెలే. అలా లైనంతా స్టీలుతో తళతళలాడుతుంటే అనసూర్య మనసు ఆగలేదు. అత్త మందమర్రిలో కూతురింటికి పోయిన రోజు చూసి మొగుడూ పెళ్ళామూ సందుగ దులిపారు. వండుకోవడానికి మూత ఉన్న పెద్ద స్టీలు గిన్నె, గంజు, ఇంట్లోకి వచ్చింది. ఇల్లు విశాలమైందని ఇద్దరూ మురిసిపోయారు.

లస్మవ్వ తిరిగొచ్చి ఖాళీ సందుగ చూసింది, గంజు చూసింది. అరవలేదు, ఏడవలేదు. అన్నానికి కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"బిడ్డా, నా ఎర్రంచు చీర ఉడికిందా?"

ఆ తర్వాత ఏ పూటా ఆ మాట లేకుండా అన్నం దిగలేదు. పప్పు వేస్తే "గీ పూట పచ్చచీరనా?" అనేది. అన్నం మాడితే "ఎర్రంచుది మాడినట్టుంది, జరీ వాసనొస్తుంది" అనేది. ఎల్లేశానికి ముద్ద దిగేది కాదు. తన పెండ్లికి మొగుడు కొనిచ్చిన చీర అదని లస్మవ్వ చెప్పకపోయినా అతనికి తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఎండాకాలం ముందర, సుసన్నక్క వాళ్ళింటికి వచ్చింది. అనసూర్యకు ఏడో నెల. నైలాన్ చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"చెల్లె, ముందు పొయ్యి కాడికెల్లి లే. గా చీరకు నిప్పంటుకుంటె ఊడరాదు, ఒంటికి కరుచుకుంటది. ఎల్లేశం, తాళంచెయి ఇయ్యి."

నలుగురి బీరువాల దగ్గర నవ్విన ఎల్లేశానికి తన బీరువా దగ్గర నవ్వు రాలేదు. "మా ఇంట్ల చింపులు లెవ్వక్కా. నీకు కావాల్సినయి ఇంకోకాడ ఏరుకో" అన్నాడు.

ఆ ఏరుకో అనే మాట వెనక పెద్ద కతే ఉంది. సుసన్నక్క ఒంటికి అన్న కుప్పలోంచి బాగా పాతబడ్డ గుడ్డ ఒకటి అడిగి సంచిలో వేసుకుపోయేది. అవెక్కడికి పోతున్నాయని కాలనీ అంతా పరిశోధన చేసింది. వర్క్‌షాపులో ఇంజన్ల జిడ్డు తుడవడానికి నూలు గుడ్డలు కావాలి, ఆ గుత్త సుసన్నక్కదే అని ఎల్లేశం తేల్చాడు. దానికి సాక్ష్యం కూడా చూపించాడు. మొగుడికీ పెళ్ళానికీ జీతాలున్నాయి, పిల్లలు పెండ్లిళ్ళయి పోయారు, అయినా ఆ ఇంట్లో ఒక్క స్టీలు గ్లాసు లేదు. సామ్యేల్ ఇప్పటికీ సొట్టలుపడ్డ సత్తు గ్లాసులో చాయ్ తాగుతాడు. అంత పిసినారి మనిషి గుడ్డలు ఊరికే మోస్తుందా అని అతని వాదం.

"తాళంచెయి ఇయ్యను. మళ్ళ మా గడప తొక్కకు" అన్నాడు ఎల్లేశం.

సుసన్నక్క ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే గంజి చీర సర్దుకుంది. "తొక్కనులే తమ్మీ. నువ్వే తెచ్చిస్తవు" అని గలగలమంటూ వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో అనసూర్యకు ఆడపిల్ల పుట్టింది. ఆ పూట డ్యూటీలో ఉన్నది సుసన్నక్కే. గడప మాటేమీ గుర్తు చెయ్యకుండా బిడ్డను కడిగి, తుడిచి, పాత గుడ్డలో చుట్టి లస్మవ్వ చేతుల్లో పెట్టింది. బిడ్డ కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది. చూపు మందగించిన లస్మవ్వకు మనవరాలి ముక్కు తప్ప మరేదీ కనిపించలేదు.

ఇంటికి తీసుకుపోయే రోజు ఎల్లేశం పెద్ద సంచితో వచ్చాడు. కుచ్చుల నైలాన్ ఫ్రాకు, నైలాన్ మేజోళ్ళు, మఖమల్ టోపీ, టెర్లిన్ రగ్గు, అన్నీ మందమర్రి బజారులో ఏరి ఏరి కొన్నవి. మొదటి బిడ్డ, లైనంతా చూస్తుంది.

"గీ గుడ్డ ఇప్పకు తమ్మీ. ఎండలు తగ్గెదాక గిట్లనే ఉండనియ్యి" అంది సుసన్నక్క.

ఎల్లేశం విన్నట్టే విని బిడ్డకు ఫ్రాకు తొడిగించాడు. ఆ పాత గుడ్డను రెండు వేళ్ళ కొనలతో ఎత్తి ఆమె వైపు చాపాడు. "తీస్కో. మీ ఇంజన్లకు పనికొస్తది."

సుసన్నక్క ఆ గుడ్డ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుంది. అంతే.

బిడ్డ ఏడుపు దవాఖాన గేటు దగ్గర మొదలైంది. లైను దాకా వినిపించుకుంటూ వచ్చింది. అందరూ బయటికొచ్చి టోపీ చూశారు, కుచ్చులు చూశారు. ఎల్లేశం మీసం దువ్వుకున్నాడు. సాయంత్రానికి దువ్వడం ఆపాడు. మర్నాటికి బిడ్డ మెడకింద, చంకల్లో, తొడల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. పాలు పట్టదు, పడుకోదు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు.

బాయి కార్టర్లలో పాపాయి ఏడుపంటే ఒక ఇంటి బాధ కాదు. లైనులో మూడు షిఫ్టుల వాళ్ళూ ఉంటారు. పగలైనా సరే, ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. మొదట పక్కింటి బుచ్చన్న వచ్చాడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఎర్రటి కళ్ళతో.

"ఎల్లేశం, దిష్టి తీసినవా?"

"తీసిన బుచ్చన్నా."

"వాము నీళ్ళు పోసినవా?"

"పోసిన."

"మరి నన్నెక్కడ పండుకొమ్మంటవో చెప్పు."

అంతలో ఎదురింటివాళ్ళు, వెనకింటివాళ్ళు, ఎవరి వైద్యం వాళ్ళు పట్టుకుని దిగారు. తాయెత్తు కట్టమన్నవాళ్ళు కొందరు, తొట్టెల దిక్కు మార్చమన్నవాళ్ళు కొందరు. ఏ వైద్యానికీ బిడ్డ లొంగలేదు. అనసూర్య కళ్ళు తుడుచుకుంటూ ఉంది. డ్యూటీ నాగా పెట్టి కూర్చున్న ఎల్లేశానికి మొదటిసారి భయమేసింది. ఎంతో ఇష్టంగా కొన్న ఫ్రాకు ముట్టుకుంటే కాలుతున్నట్టుంది.

లస్మవ్వ మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని ఫ్రాకు విప్పింది. "దిష్టి లేదు, గాలి లేదు. గీ ఎండల పొల్లను రబ్బరు సంచిల కుక్కినట్టు కుక్కిండ్రు. ఒక్క పాత నూలు గుడ్డ తేండ్రి, పొత్తిలి చుడ్త."

ఎల్లేశం నిలువుటద్దం బీరువా తెరిచాడు. చొక్కాలు, ప్యాంట్లు, చీరలు, జాకెట్లు. కిందినుంచి పైదాకా వెతికాడు. ఇంత బట్టలో జానెడు నూలు లేదు. ఆఖరికి అడుగున పరిచిన గుడ్డ కూడా నైలానే. బజారుకు ఉరికి నూలు బట్ట కోయించుకొచ్చాడు. అది మగ్గం మీదినుంచి అప్పుడే దిగింది, గరుకుగరుకుగా నిలబడుతోంది. ఒకటికి రెండుసార్లు ఉతికి ఆరేసి చుట్టినా బిడ్డ ఏడుపు గుమ్మం దాటి వీధి మలుపు దాకా పోయింది.

"కొత్తది పనికిరాదుర కొడుకా. గది మనిషి కట్టి కట్టి మెత్తవడాలె. నా చీరలుంటెనా" అని లస్మవ్వ గంజు వైపు చూసి ఊరుకుంది. ఈసారి ఉడికిందా అని అడగలేదు. అడిగితేనే నయమనిపించింది ఎల్లేశానికి.

ఇక లైను మీద పడ్డాడు. ఒక్కో గడప ముందూ చెయ్యి చాపాడు, అచ్చం సుసన్నక్కలాగే.

"పోశవ్వా, మీ అత్త చీర ఒక్కటుంటె ఇయ్యి."

పోశవ్వ అరల్లో వెతకలేదు, అరల మీదికి చూపించింది. "గా పళ్ళెం గదే."

"కనకవ్వా, మీ నాయిన పంచె?"

"గా బుడ్డి చెంబు. తలరుమాలు గూడ కలిపిస్తె మూత ఇచ్చింది."

బుచ్చన్న ఇంట్లో తాత కండువా చెంచాలైంది. వెనకింట్లో నానమ్మ బొంత టిఫిన్ డబ్బా అయింది. లైనంతా తిరిగితే తాతలూ నానమ్మలూ అరల మీద బోర్లించి మెరుస్తున్నారు. చుట్టడానికి చేరెడు గుడ్డ దొరకలేదు.

లైను చివర సారక్క గంప దించుకుని చెమట తుడుచుకుంటోంది. ఎల్లేశం పోయి ఆమె ముందు కూలబడ్డాడు. "సారక్కా, మా అవ్వ చీరలిచ్చిన కదా, ఒక్కటి వాపసియ్యి. గంజు తీస్కో. పైకెల్లి బీరువ అడిగిన ఇస్త."

సారక్క అతన్ని విచిత్రంగా చూసింది. "నా దగ్గర ఏడుంటయ్ తమ్మీ. నూలుదేదయిన కాలనీ దాటకముందే సుసన్నక్క ఆపుకుంటది. చీరకింత స్టీలని ఇచ్చి తీసుకుంటది. నీకెర్కలేదా? మీ లైనుల నేనిచ్చిన సామాన్ల సగం ఆమె ఇంటియే. మీ గంజు అడుగు సూసినవా ఎన్నడన్న?"

స్టీలు సామానంటే కొన్న చోటే పేరు చెక్కించుకోవడం ఆనవాయితీ. ఆ సంగతి లైనులో అందరికీ తెలుసు. కానీ పైన తళతళను చూసేవాడు అడుగెందుకు చూస్తాడు. చూసినవాళ్ళు ఒకరిద్దరున్నా, వాడిన సామాను తెచ్చుకున్నామని నలుగురికీ తెలుస్తుందని నోరు మూసుకున్నారు. ఎల్లేశం ఇంటికి పరుగెత్తాడు. గంజు బోర్లించాడు. మసి గీకితే చుక్కల చుక్కల అక్షరాలు తేలాయి. సా. సుసన్నా.

అతను గంజు పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి ఎదురింటివాళ్ళు చూశారు. పోశవ్వ లోపలికి పోయి పళ్ళెం తిరగేసింది. కనకవ్వ చెంబు తిరగేసింది. బుచ్చన్న చెంచా వెనక్కి తిప్పి కళ్ళు చికిలించాడు. లైను లైనంతా గుమ్మాల్లో నిలబడి గిన్నెలు బోర్లించి చూసుకుంటోంది. ఎక్కడ చూసినా సా. సుసన్నా. ఇంజన్ల గుత్త కత చెప్పినవాడు గనక ఎల్లేశం తల అందరికంటే కిందికి వాలింది.

అనసూర్య బయటికి వచ్చింది. నడుముకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

సుసన్నక్క ఇల్లు చూసి ఎల్లేశం వాకిట్లోనే ఆగిపోయాడు. ఈ మూలనుంచి ఆ మూలకు తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటి మీద ఉడకబెట్టి, ఉతికి, చతురస్రంగా కత్తిరించిన పాత నూలు గుడ్డలు వరసగా ఎండుతున్నాయి. పచ్చంచు, నల్లంచు, గళ్ళ పంచె, ఎవరిదో తాత కండువా. గాలికి అవి అసలు చప్పుడు చెయ్యడం లేదు, అంత మెత్తవి. సామ్యేల్ అరుగు మీద కూర్చుని సత్తు గ్లాసులో చాయ్ తాగుతున్నాడు.

"రా ఎల్లేశం, కూసో. చాయ్ స్టీలు గ్లాసుల పోస్తుంటిమి గని, అవి మీ లైనులనే ఉన్నయ్."

ఎల్లేశం కూర్చోలేదు. సుసన్నక్క బయటికి రాగానే చెయ్యి చాపాడు. చేతిలో తాళంచెవి. "అక్కా, నేను నిన్ను అనరాని మాటలన్న. నా బిడ్డ నిద్రపోతలేదు" అన్నాడు.

"మాటలకేముంది తమ్మీ, అవిటికి అంచుంటదా పోగు తియ్యనీకి" అని ఆమె తాడు మీది గుడ్డలు చేత్తో సవరించింది. "ఇదివరకు కాన్పుకొస్తె ఎంత లేనోళ్ళయిన ఇంట్ల ముసలమ్మ చీర పేలిక తెచ్చుకుంటుండ్రి. ఇప్పుడు సంచిప్పితె అన్ని నైలాన్ ఫ్రాకులే. పుట్టిన పొల్లగాండ్లకు మెత్తటి గుడ్డ ఏడికెల్లి తేవాలె? మిల్లుల తయారు గాదది. మనిషి ఒంటి మీదనే తయారైతది. మీరు కట్టుడు మానేస్తిరి. రేపు పుట్టేటోళ్ళకు ఎవరు మెత్తగ చేస్తరు? గందుకే ఇల్లిల్లు తిరుగుతున్న. నాకేమన్న మీ బీరువలు చూస్తె కడుపు నిండుతదా?"

ఇంట్లోకి పోయి, నాలుగు మడతలు పెట్టిన ఒక గుడ్డ తెచ్చింది. ఎల్లేశం గుర్తుపట్టాడు. రెండు వేళ్ళ కొనలతో తాను తిరిగిచ్చిన గుడ్డే అది. ఇప్పుడు రెండు చేతులతో తీసుకున్నాడు.

లస్మవ్వ మనవరాలిని ఆ గుడ్డలో పెట్టి చుట్టబోయి, అంచు దగ్గర చెయ్యి ఆపింది. వేళ్ళతో తడిమింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఎర్రంచు. దానిమీద ఎప్పుడో తానే వేసుకున్న కుట్టు.

"ఉడకలేదురా," అంది. "నా ఎర్రంచు చీర ఉడకలేదు."

నవ్వుతోందో ఏడుస్తోందో ఇంట్లోవాళ్ళకు అర్థం కాలేదు గానీ, ఆ నవ్వో ఏడుపో వింటూనే బిడ్డ వెక్కి వెక్కి, ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, నిద్రపోయింది. ఆ వెంటనే బుచ్చన్న నిద్రపోయాడు. తర్వాత లైనంతా నిద్రపోయింది. ఆ పూట రెండో షిఫ్టుకు మనుషులు తక్కువయ్యారని బాయి మీద చాలా రోజులు చెప్పుకున్నారు.

సుసన్నక్క గడప తొక్కనన్న మాట నిలబెట్టుకుంది. గడప దాటి వచ్చింది. బీరువా తెరిచింది. పోగు లాగి చూడ్డానికి కూడా ఏమీ లేదు. "గిదంతా మంటకే" అని ఒక్క చేత్తో ఊడ్చి మంచం మీద వేసింది. ఆ ఏడు ఎల్లేశం ఇంటి కిటికీలకు కట్టినంత ఖరీదైన పరదాలు మేనేజరు బంగళాలో కూడా లేవు. మిగిలిన బెల్‌బాటం ప్యాంట్లు కమాన్‌పూర్ పక్క మక్క చేనులో కర్రకు తొడిగారు. పిట్టలు చాలా మర్యాదగా దూరంగా ఉండేవి.

ఖాళీ అయిన బీరువాలో సుసన్నక్క ఒక కొత్త నేత పంచె, ఒక కొత్త చీర పెట్టింది. రెండూ గోనెసంచి కన్నా గరుకు.

"కట్టుండ్రి."

"గిది గుచ్చుకుంటది గదా అక్కా."

"గుచ్చుకుంటది. నీకు గుచ్చుకుంటెనే ఇంకోలకు గుచ్చుకోది. కట్టు."

ఎల్లేశం కట్టాడు. గోక్కుంటూ బజారుకు పోయాడు. లింగమూర్తి ఎదురై, "గిదేంది ఎల్లేశం, గరీబోని లెక్క తయారైనవ్?" అన్నాడు.

"మెత్తగ చేస్తున్న సారు."

"ఎవరికి?"

"బుచ్చన్న కోడలుకు మూడో నెల. అప్పటికి ఇది కాదు. రెండో కాన్పుకు అందుకుంటది."

కొన్నాళ్ళకు లైనులో అదే పెద్ద ఇజ్జత్ అయిపోయింది. ఎవరి పంచె ఎంత మెత్తబడిందో ఒకరి అంచు ఒకరు నలిపి చూసుకునేవాళ్ళు. బుచ్చన్న తనది తొందరగా మెత్తబడాలని పంచెతోనే పడుకునేవాడు, పంచెతోనే స్నానం చేసేవాడు. స్టీలు సామాన్లన్నీ లైనంతా కలిసి సుసన్నక్క ఇంటికి వాపసు తీసుకుపోతే ఆమె గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నాకెందుకివి, తోముకోలేక సావాలె" అని తిప్పి పంపింది. చాయ్ గ్లాసు ఒక్కటి మాత్రం సామ్యేల్ ఆమె చూడకుండా లోపల పెట్టుకున్నాడు.

ఎల్లేశం పంచె రెండు ఎండాకాలాలు నలిగాక, ఒకరోజు సుసన్నక్క గలగలమంటూ వచ్చింది. ఆమె అడగకముందే అతను తాళంచెవి తీసి చాపాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టి, వంగి, అతని పంచె అంచు రెండు వేళ్ళ మధ్య నలిపింది. కళ్ళు మూసుకుని ఆలోచించింది. లైనంతా చుట్టూ చేరింది. ఎల్లేశం పరీక్ష రాసినవాడిలా గుటకలు మింగుతున్నాడు.

"మోకాలి కాడ అయింది. నడుము కాడ ఇంక కాలేదు. ఇంకో యేడు కట్టు" అని చెప్పి, అలవాటు కొద్దీ ఒక పోగు లాక్కుని వెళ్ళిపోయింది.